తమ్ముడు అంగోలా వెళ్తున్నాడు, ఎల్లో ఫీవర్ సూది లేకుండానే కార్డు ఇప్పిస్తానంటున్నాడు ఏజెంటు. ఏం చేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా తమ్ముడికి 27 ఏళ్ళు, వెల్డింగ్ పని. సూరత్‌లో నాలుగేళ్ళు చేసి వచ్చాడు, ఇప్పుడు అంగోలాలో లువాండాకి రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్తున్నాడు. ఈ నెల 16న విమానం, ఈరోజు 7. మెడికల్ అయింది, వీసా అయింది, అంతా అయిపోయిందనుకున్నాక నిన్న సాయంత్రం ఏజెంటు ఫోన్ చేసి, ఎల్లో ఫీవర్ కార్డు ఒకటి కావాలి, నాలుగు వేలు పంపండి, సూది గీది ఏమీ అక్కర్లేదు, తేదీ వెనక్కి వేసి స్టాంపు కొట్టించి కార్డు నేనే తెచ్చిస్తాను అన్నాడు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే "అందరూ ఇలాగే వెళ్తున్నారమ్మా" అని పెట్టేశాడు.

నాకు రాత్రంతా నిద్ర లేదు. దొంగ కార్డుతో పట్టుబడితే అక్కడ జైల్లో పెడతారేమో అన్నది ఒక భయం, నిజంగానే ఆ జ్వరం వస్తే ఎలా అన్నది ఇంకో భయం. అమ్మ అయితే "ఏటది, పచ్చకామెర్లేనా?" అని అడిగి, కాశీనగర్ వైపు కామెర్లకి పసరు పోసే ఆయన ఉన్నారట, వెళ్ళే ముందు ఒక మోతాదు పట్టించి పంపుదాం అంటోంది. తమ్ముడేమో ఉద్యోగం పోతుందేమోనని డబ్బు పంపేయమంటున్నాడు.

అసలు ఇది ఏ జబ్బు? కామెర్లు ఒకటే, ఇది ఒకటేనా? సూది మనకి దగ్గరలో ఎక్కడ వేస్తారు? తొమ్మిది రోజుల్లో పని అవుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, సాయంత్రంలోగా ఏజెంటుకి ఏదో ఒకటి చెప్పాలి.


సిల్క్ సిటీ నర్సు (బరంపురం)

అమ్మా, ముందు ఆ నాలుగు వేలు పంపకు. తమ్ముడికీ గట్టిగా చెప్పు.

నేను బరంపురంలో ఇరవై రెండేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. అమ్మ అడిగిన దానితో మొదలుపెడతాను, ఎందుకంటే మన వైపు చాలామందికి ఇదే అనుమానం. కామెర్లు అనేది ఒక లక్షణం. కాలేయం దెబ్బతింటే కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి. నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్‌తో రావచ్చు, తాగుడుతో రావచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డుపడినా రావచ్చు. ఎల్లో ఫీవర్ వేరే జబ్బు. అది వైరస్ వల్ల వస్తుంది, దోమ ద్వారా వస్తుంది, ముదిరితే కాలేయాన్ని పట్టుకుని కళ్ళు పచ్చబడేలా చేస్తుంది కాబట్టి దానికి ఆ పేరు పడింది. పసరు దీన్ని ఆపదు. అమ్మని నొప్పించకుండా చెప్పు గానీ పసరు మాత్రం పట్టించకు, ప్రయాణానికి ముందు లేనిపోని వాంతులు విరేచనాలు తెచ్చుకోవడం ఎందుకు.

దోమ కుట్టాక మూడు నుంచి ఆరు రోజుల్లో జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, నడుం నొప్పి, వాంతులు. ఎక్కువమందికి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం తగ్గినట్టే తగ్గి ఒక రోజు తర్వాత తిరగబెడుతుంది, అప్పుడు కామెర్లు, ముక్కులోంచి నోట్లోంచి రక్తం, కిడ్నీలు దెబ్బతినడం. ఆ దశకి వెళ్ళినవాళ్ళలో దాదాపు సగం మంది బతకరు. వైరస్‌ని చంపే మందు ఇప్పటికీ లేదు, సెలైన్ పెట్టి, రక్తం ఎక్కించి కాపాడుకోవడమే. అందుకే సూదికి అంత పట్టుబడతారు. ఈ జబ్బుకి చాలా మంచి టీకా ఉంది. 17డి అంటారు, మాక్స్ థీలర్ అనే శాస్త్రవేత్త 1930ల్లో తయారు చేశాడు, ఆయనకి 1951లో నోబెల్ వచ్చింది. ఒక్క డోసు చాలు, జన్మంతా పనిచేస్తుంది.

ఇప్పుడు నీ లెక్క. సూది వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఒంట్లో రక్షణ తయారవడానికి అంత టైము పడుతుంది. నువ్వు రేపు 8న వేయించినా 18 నుంచే చెల్లుబాటు. 16న విమానం ఎక్కడం కుదరదు. కాబట్టి టికెట్ మార్చాల్సిందే, వేరే దారి లేదు. కంపెనీకి నేరుగా మెయిల్ పెట్టించు, ఏజెంటు ద్వారా కాదు. ఏ దేశం వెళ్ళడానికి ఏం కావాలో వాళ్ళకి బాగా తెలుసు, పది రోజులు ఆగమంటే ఉద్యోగం తీసేయరు.

సూది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మామూలు మందుల షాపులో గానీ నర్సింగ్ హోంలో గానీ దొరకదు. పర్లాకిమిడి నుంచి నీకు వైజాగ్ దగ్గర, అక్కడ పోర్టు హెల్త్ ఆఫీసులో అడుగు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కానీ ఫోన్ చేయకుండా మాత్రం బయల్దేరకు. ఒక సీసాలో చాలామందికి సరిపడా డోసులు ఉంటాయి, పొడిలో నీళ్ళు కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి, మిగిలితే పారబోయాలి. అందుకని వారంలో ఫలానా రోజులు అని పెట్టుకుని, పదిమంది పోగయ్యాక సీసా తెరుస్తారు. రోజు కనుక్కోకుండా వెళ్తే బస్సు ఛార్జీలు దండగ.

తమ్ముడు గుడ్డు తింటాడు కదా? టీకాని కోడిగుడ్డు పిండంలో పెంచుతారు, గుడ్డు పడనివాళ్ళు, తింటే ఒళ్ళు దద్దుర్లొచ్చి ఊపిరాడనివాళ్ళు ముందే చెప్పాలి. ఇంకా స్టెరాయిడ్లు వాడుతున్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నా, హెచ్ఐవి ఉన్నా డాక్టరుకి దాచకూడదు. ఇది బతికున్న వైరస్‌ని బలహీనం చేసి ఇచ్చే టీకా.


వంశధార (గుణుపురం, ఇప్పుడు విజయనగరం)

చెల్లెమ్మా, నేను లువాండాలో 2014 నుంచి 2016 చివరి దాకా పైపు ఫిట్టరుగా ఉన్నాను. నీ పోస్టు చదివి పని ఆపి రాస్తున్నాను.

2015 డిసెంబరులో లువాండా శివార్లలో వియానా అని ఒక ప్రాంతం, అక్కడ మొదలైంది. మాకు ముందు ఏమీ తెలీదు, ఏదో జ్వరాలట అనుకున్నాం. మా క్యాంపు గేటు దగ్గర కాపలా ఉండే కుర్రాడు అక్కడివాడే, ఇరవై ఏళ్ళుంటాయి, నేను పొద్దున్నే బస్సు ఎక్కేటప్పుడు చెయ్యి ఎత్తి నవ్వేవాడు. ఒకరోజు కనపడలేదు. జ్వరం అన్నారు. నాలుగో రోజు మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు, నీరసంగా ఉన్నాడు గానీ తగ్గిందన్నాడు, వాళ్ళు తినే కర్రపెండలం ముద్ద, ఫుంజే అంటారు, గిన్నెలో పెట్టుకుని తింటున్నాడు. నేను దగ్గరికెళ్ళి రెండు అరటిపళ్ళు ఇచ్చాను. అప్పుడు చూశాను, కళ్ళ తెల్లగుడ్డు అంచుల్లో పసుపు రంగు. ఎండలో అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం వాంతి చేసుకున్నాడట, కాఫీ పొడి కలిపిన నీళ్ళలా నల్లగా ఉందని చూసినవాళ్ళు చెప్పారు. పొట్టలో కారిన రక్తం అలా నల్లబడుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. మూడు రోజులకి పోయాడు. తగ్గిందని వచ్చి కూర్చున్న ఆ ఒక్క రోజు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. నర్సమ్మగారు రాసిన "తగ్గినట్టే తగ్గి" అన్న మాట నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఆ ఏడాది అంగోలాలో వందల మంది చనిపోయారు. పక్కనే కాంగోకి పాకింది. టీకాలు ప్రపంచం మొత్తం మీద చాలక, 2016 ఆగస్టులో కాంగో రాజధాని కిన్షాసాలో ఒక డోసుని ఐదు భాగాలు చేసి మనిషికి ఒక భాగం చొప్పున వేశారు. అంత కరువొచ్చింది. మా పక్క సైట్లలో చైనా వాళ్ళు చాలామంది పనిచేసేవాళ్ళు. అంగోలా నుంచి ఇంటికెళ్ళిన చైనా వాళ్ళలో పదకొండు మందికి అక్కడ ఈ జబ్బు బయటపడింది. ఆసియాలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. సూది ఉంటే ఇంత జరిగేది కాదు.

అందుకని ఆ ఏజెంటు చెప్పే కార్డు గురించి నా మాట విను. స్టాంపు ఎయిర్‌పోర్టులో ఆఫీసరుని మోసం చేస్తుందేమో, దోమని చేయదు. మీ తమ్ముడు వెల్డరు, పగలంతా బయట పని, ఆ దోమ కుట్టేదీ పగలే. మన డెంగ్యూ దోమే అది, కాళ్ళ మీద తెల్ల చారలు ఉంటాయి చూడు, అదే.

ఇంకొకటి, వాడు సూది వేయించుకున్నాక పదేళ్ళకి మళ్ళీ వేయించాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. నా కార్డు మీద పదేళ్ళు అనే రాసి ఉంది. 2016 జులై నుంచి ఆ రూలు మారింది, పాత కార్డులైనా సరే జీవితాంతం చెల్లుతాయి. నేను విజయనగరం తిరిగొచ్చాక కూడా ఒక ఏజెంటు నన్ను ఇలాగే అడిగాడు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అన్నయ్యా, మీరు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, కాసేపటికి వచ్చి "కంపెనీకి మెయిల్ నేనే పెడతాను" అన్నాడు. మేడం గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు. వైజాగ్‌కి ఫోన్ చేశాను, నాలుగైదు సార్లు చేస్తే ఎత్తారు, రోజు చెప్పారు. పాస్‌పోర్టు ఒరిజినల్, జిరాక్సు తెమ్మన్నారు.

ఒక అనుమానం. మన దేశంలో ఈ జబ్బే లేదు కదా, మరి తిరిగొచ్చేటప్పుడు కూడా కార్డు చూస్తారని మెయిల్‌కి వచ్చిన జవాబులో రాశారు. ఎందుకు?


సిల్క్ సిటీ నర్సు (బరంపురం)

లేదు కాబట్టే అమ్మా. మనకి దోమ ఉంది, వైరస్ లేదు. నీ వీధిలో డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీళ్ళలో పెరిగేది ఆఫ్రికాలో ఈ జబ్బు మోసే దోమే, ఈడిస్ ఈజిప్టి. జ్వరం మొదలైన మొదటి రోజుల్లో రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. అలాంటి ఒక్క మనిషి మన బరంపురంలోనో పర్లాకిమిడిలోనో దిగి దోమలు కుట్టించుకుంటే, టీకా లేని ఇన్ని కోట్ల మందిలోకి అది ఎక్కడిదాకా పోతుందో ఊహించు. అందుకని ఈ జబ్బున్న దేశాల నుంచి ఆరు రోజుల లోపు వచ్చిన ఎవరి దగ్గరైనా సరైన కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు దగ్గరే విడిగా ఉంచుతారు, ఆరు రోజుల దాకా. దోమ కుట్టాక జబ్బు బయటపడేది ఆరు రోజుల్లోపే కదా, అదీ లెక్క. ఇథియోపియాలోని అడిస్ అబాబాలాంటి చోట విమానం మారినా ఇదే రూలు. ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాలేదని తేలి, హెల్త్ ఆఫీసరు ఒప్పుకుంటేనే మినహాయింపు.

కార్డు చేతికొచ్చాక అక్కడే నిలబడి సరిచూడు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి, మన వైపు ఒడియా స్పెల్లింగు ఒకటి, తెలుగు స్పెల్లింగు ఒకటి ఉండి చాలామంది ఇబ్బంది పడతారు. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, తమ్ముడి సంతకం, డాక్టరు సంతకం, టీకా బ్యాచ్ నంబరు, కేంద్రం స్టాంపు, అన్నీ ఉండాలి. కొట్టివేతలు ఉంటే కొత్త కార్డు అడుగు.


నాగావళి ఒడ్డు (రాయగడ)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా వయసు 66. మా అమ్మాయి కంపాలాలో ఉంటుంది, పురిటికి రమ్మంటోంది, నేనూ మా ఆవిడా వెళ్ళాలి. ఉగాండాకి ఈ కార్డు తప్పనిసరి అని అల్లుడు చెప్పాడు. మా ఇద్దరికీ షుగరు. మమ్మల్ని కూడా వేయించుకోమంటారా? మా డాక్టరు గారు కొంచెం తటపటాయిస్తున్నారు.


సిల్క్ సిటీ నర్సు (బరంపురం)

బాబాయ్ గారూ, మీ డాక్టరు గారు తటపటాయించడంలో న్యాయం ఉంది. అరవై దాటాక మొదటిసారి ఈ టీకా వేయించుకునేవాళ్ళలో తీవ్రమైన రియాక్షన్లు చిన్నవాళ్ళ కంటే ఎక్కువ. అప్పుడు కూడా చాలా అరుదే, లక్షల మందిలో కొద్దిమందికి. కానీ వస్తే కాలేయం, కిడ్నీలు అన్నీ దెబ్బతింటాయి కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. షుగరు ఒక్కటే ఉండి అదుపులో ఉంటే అది అడ్డు కాదు. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, మోకాళ్ళ నొప్పులకని స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నారా, ఇవి ఇద్దరూ గుర్తు చేసుకుని చెప్పండి. ఉగాండాలో ఈ జబ్బు నిజంగా ఉంది, వర్షాకాలంలో వెళ్ళి నెలల తరబడి ఉంటే ప్రమాదం లేదని చెప్పలేను. కాబట్టి టీకా కేంద్రంలో డాక్టరుతో కూర్చుని మాట్లాడాకే నిర్ణయించుకోండి. టీకా పనికిరాదని వాళ్ళు తేలిస్తే మినహాయింపు లెటరు రాసి ఇస్తారు. కానీ ఆ లెటరుని ఒప్పుకోవడం అక్కడి అధికారుల ఇష్టం, తిరిగొచ్చాక ఇక్కడ విడిగా ఉంచినా ఉంచొచ్చు. అమ్మాయిని ముందే ఉగాండా ఎంబసీలో అడగమనండి.

ఇంకో మాట, అమ్మాయి కడుపుతో ఉంది కదా, తనకి టీకా ఇంతకుముందే అయిందో లేదో కనుక్కోండి. గర్భిణికి మామూలుగా వేయరు, మరీ ప్రమాదం ఉన్న చోట అయితే డాక్టరు ఆలోచించి వేస్తారు. పుట్టే బిడ్డకి తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు, అప్పటిదాకా దోమతెరే రక్ష.


కొండ కింద మాస్టారు (మోహన, గజపతి)

అందరూ ఎల్లో ఫీవర్ గురించి బాగా చెప్పారు. నేను మలేరియా గురించి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను, ఎందుకంటే ఆఫ్రికా వెళ్ళే మనవాళ్ళని మంచాన పడేసేది ఎక్కువగా అదే. ఈ సూదికీ మలేరియాకీ సంబంధం లేదు. కార్డు ఉంది కదా అని దోమతెర మానేసిన కుర్రాళ్ళని చూశాను.

మన జిల్లాల్లో మలేరియా ఎలా ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు. మా బడిలో వానాకాలం వస్తే హాజరు పట్టీలో సగం గీతలే. 2017లో దమన్ అని ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టి, కొండ ఊళ్ళకి వెళ్ళి జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసి, దోమతెరలు పంచాక బాగా తగ్గింది. దాంతో మావాళ్ళు "మేం మలేరియాలో పుట్టి పెరిగాం, మాకేం కాదు" అంటారు. చిన్నప్పుడు పదే పదే వచ్చి కొంత ఓర్పు వస్తుందేమో గానీ అది నిలవదు, కొన్నేళ్ళు దూరంగా ఉంటే పోతుంది. తమ్ముడు నాలుగేళ్ళు సూరత్‌లో ఉన్నాడు. అంగోలాలో ఉండేది ఎక్కువగా ఫాల్సిపారమ్, మెదడుకెక్కే రకం. వెళ్ళే ముందు డాక్టరుని అడిగి ముందుజాగ్రత్త మాత్రలు రాయించుకోండి, ఏవి ఎన్నాళ్ళు వాడాలో ఆయనే చెప్తారు. మందు పట్టించిన దోమతెర ఒకటి పెట్టెలో పెట్టండి. ఎల్లో ఫీవర్ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది, అంటే పగలు నిండు చేతుల చొక్కా, రాత్రి తెర, రెండూ కావాలి.

అక్కడ ఒళ్ళు కాలితే ఆ రోజే రక్తపరీక్షకి వెళ్ళమనండి. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు, బ్రూఫెన్, ఆస్పిరిన్‌లాంటివి వేసుకోవద్దనండి, ఎల్లో ఫీవర్ అయినా డెంగ్యూ అయినా అవి రక్తస్రావం పెంచుతాయి. తిరిగొచ్చాక జ్వరం వచ్చినా సరే, డాక్టరుకి మొదటి మాటే "నేను ఆఫ్రికా నుంచి వచ్చాను" అని ఉండాలి.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ చెప్పాలని వచ్చాను. సూది అయింది. తెల్లవారకముందే పాసింజరు ఎక్కి వైజాగ్ వెళ్ళాం. నలుగురు ఓడ పనివాళ్ళు, ఘనా వెళ్ళే ఒక జంట, మేము, ఇంకో ముగ్గురు పోగయ్యే దాకా ఆపి, అప్పుడు సీసా తెరిచారు. సూది వేసే ముందు డాక్టరు గుడ్డు పడుతుందా, ఏ మందులు వాడుతున్నావు, ఇంతకుముందు ఏ టీకాకైనా ఇబ్బంది వచ్చిందా అని ఒక్కొక్కటీ అడిగారు. నెల లోపల వేరే టీకా ఏదైనా వేయించుకున్నాడా అని కూడా అడిగారు. ఎడమ చేతికి వేశారు, అరగంట బెంచీ మీద కూర్చోబెట్టారు. మూడు వందలు తీసుకున్నారు. ఏజెంటు అడిగింది నాలుగు వేలు.

మేడం చెప్పినట్టు అక్కడే నిలబడి కార్డు చూశాను. తమ్ముడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. చూపిస్తే ఏమీ అనకుండా కొత్తది రాసిచ్చారు. చూడకపోయి ఉంటే అంతే.

కంపెనీ వాళ్ళు టికెట్ 24కి మార్చారు, డబ్బు కూడా అడగలేదు. ఏజెంటుకి ఫోన్ చేసి చెప్తే "మీ ఇష్టం" అన్నాడు. నిన్న రాత్రి తమ్ముడికి కొంచెం ఒళ్ళు వెచ్చబడింది, చెయ్యి నొప్పిగా ఉందన్నాడు, అమ్మ భయపడింది. ఇది మామూలేనా మేడం?


సిల్క్ సిటీ నర్సు (బరంపురం)

మామూలే అమ్మా. రెండు మూడు రోజులు ఒళ్ళు నొప్పులు, కొంచెం జ్వరం ఉండొచ్చు, పారాసిటమాల్ వేయి. వారం పది రోజుల్లో ఎప్పుడైనా జ్వరం గట్టిగా వచ్చి తగ్గకపోయినా, కళ్ళు పచ్చబడినా, మెడ పట్టేసినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి టీకా తేదీ చెప్పు. 24 దాకా ఇంటి దగ్గరే ఉంటాడు కాబట్టి నీ కళ్ళ ముందే ఉంటాడు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఈరోజు జ్వరం లేదు, పొద్దున్న పెసరట్టు రెండు తిన్నాడు. అమ్మ కార్డుని పాస్‌పోర్టుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. మా పిన్ని కొడుకు కూడా అదే ఏజెంటు ద్వారా వచ్చే నెల వెళ్ళాలి, వాడు అప్పుడే డబ్బు కట్టేసి స్టాంపు కొట్టిన కార్డు తెచ్చుకున్నాడట, సూది లేకుండా. తమ్ముడు నిన్న వాడి దగ్గరికి వెళ్ళి వంశధార అన్నయ్య రాసింది ఫోన్లో చూపించాడు. వచ్చే వారం వాణ్ణి తీసుకుని మళ్ళీ వైజాగ్ వెళ్తున్నాం, రోజు కనుక్కున్నాను.